“తల్లి ఎక్కడ?” అని అడిగే ముందు

మొన్నటి చలికాలంలో రెండు రాత్రులు ఒక పట్నంలోని ప్రైవేటు ఆసుపత్రిలో, పిల్లల ఐ.సి.యు. తలుపు ముందు కూర్చున్నాను. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. నేను చెప్పదలచుకున్నది ఒక ఆసుపత్రి మీద ఫిర్యాదు కాదు. లోపల రెండేళ్ళు నిండని ఆడపిల్ల. నెమ్ము చేసి, డొక్కలెగరేస్తూ వచ్చింది. బయట నా పక్కన ఆ పిల్ల అవ్వ, అంటే తల్లికి తల్లి. మాది ఒంటిమిట్ట. వాళ్ళది మా మండలంలోనే ఒక పల్లెలో ఎస్సీ కాలనీ.

చిన్న వయసు డాక్టరొకాయన బయటికి వచ్చి “తల్లి ఎక్కడ?” అని అడిగాడు.

“కువైట్లో ఉండాది సారూ” అంది అవ్వ.

ఆయన ఏమీ అనలేదు. కేసుషీటు మీద ఏదో రాసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. వెనకాలే ఉన్న నర్సు మాత్రం ఉండబట్టలేక “ఇంత పసిబిడ్డను వదిలిపెట్టి ఎట్లా పోయిందో మహాతల్లి!” అంది. అవ్వ తల వంచుకుంది. తప్పు చేసినదానిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడోరోజు మధ్యాహ్నం పిల్లను ఇంటికి తీసుకెళ్ళిపోయారు. పొద్దున్నే నేను ఊరికి వచ్చేశాను కాబట్టి ఆ సమయానికి అక్కడ లేను. “డాక్టర్ల సలహాకు వ్యతిరేకంగా మా ఇష్టప్రకారం తీసుకుపోతున్నాం” అని రాసి ఉన్న కాగితం మీద అవ్వ వేలిముద్ర వేసింది. సంతకం పెట్టగలిగిన మగవాళ్ళు ఇద్దరున్నారు ఆ సమయంలో. పిల్ల తండ్రి, పెదనాన్న. కాగితాన్ని మాత్రం అవ్వ ముందుకే తోశారు. ఊరు చేరకముందే దారిలో పిల్ల పోయింది.

వారం తర్వాత ఒక రాత్రి కువైట్ నుంచి ఆ తల్లి నాకు ఫోన్ చేసింది. చాలాసేపు ఏడ్చి, ఆఖరికి ఒక్క మాట అడిగింది. “అక్కా, నేను ఆడ ఉండింటే బిడ్డ బతికిండునా?”

నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పుడు చెప్పలేకపోయినదే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగిందో చూద్దాం. మొదటిరోజు పిల్లకు పడిశెం, దగ్గు. మిరియాల కషాయం పెట్టింది అవ్వ. రెండోరోజు జ్వరం. ఆర్.ఎం.పి. దగ్గరికి ఎత్తుకుపోతే ఇంజెక్షన్ వేసి సిరప్ ఇచ్చాడు. మూడోరోజు సాయంత్రానికి పాలు తాగడం మానేసింది, డొక్కలెగరేయడం మొదలైంది. అది ప్రమాదమని అవ్వకు తెలుసు. ఐదుగురిని కని ముగ్గురిని దక్కించుకున్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? పట్నం తీసుకుపోవాలంటే బాడుగ కారు కావాలి. బాడుగకు డబ్బు కావాలి. కూతురు కువైట్లో సంపాదించే డబ్బు నెలనెలా వస్తోంది గానీ, పడేది అల్లుడి ఖాతాలో. అల్లుడు బెంగుళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. రాత్రంతా ఫోన్ దొరకలేదు. తెల్లవారి దొరికింది. “అన్నతో మాట్లాడి చెప్తా” అన్నాడు. అన్న మధ్యాహ్నానికి వచ్చాడు. అప్పుడు కారు మాట్లాడారు. మొదట వెళ్ళిన ఆసుపత్రిలో పెద్దవాళ్ళ ఐ.సి.యు. ఉంది కానీ పసిపిల్లల వెంటిలేటరు లేదన్నారు. అక్కడినుంచి రెండో ఆసుపత్రికి చేరేసరికి చీకటి పడింది. డొక్కలెగరేయడం కళ్ళతో చూసిన తర్వాత, ఐ.సి.యు. తలుపు తెరుచుకోవడానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది.

అక్కడ ఆరోగ్యశ్రీ కార్డు అడిగారు. కార్డు ఉంది. దాంట్లో పాప పేరు ఎక్కలేదు. పేరు ఎక్కించడానికి తిరగాల్సిన తల్లి దేశంలో లేదు. తండ్రి ఊళ్ళో లేడు. అవ్వకు చదువు లేదు. దాంతో రోజుకింత అని చేతి డబ్బు కట్టాల్సి వచ్చింది. మూడోరోజుకు పెదనాన్న లెక్క వేశాడు. “మగపిల్లోడైతే ఇంకో రెండు దినాలు చూస్తురేమో” అని అవ్వ తర్వాత నాతో అంది. నిజమో కాదో నేను రుజువు చెయ్యలేను. కానీ అవ్వకు ఆ మాట ఎవరూ నేర్పలేదు.

ఇన్ని జరిగితే కేసుషీటులోకి ఎక్కినది రెండే రెండు మాటలు. జబ్బు: న్యుమోనియా. తల్లి: విదేశంలో.

తీవ్రమైన ఊపిరి జబ్బుతో పిల్లలు ఐ.సి.యు. దాకా రావడానికి సూక్ష్మజీవి ఒక్కటే కారణం కాదని, బతుకు పరిస్థితులు కూడా కారణమని వైద్య పరిశోధకులు ఇప్పుడు గట్టిగానే చెబుతున్నారు. అమెరికాలోని సిన్సినాటి నగరం ఉన్న కౌంటీలో చేసిన ఒక పరిశోధన 2019లో అచ్చయింది. పేదరికం ఎక్కువగా ఉన్న పేటల నుంచి వచ్చే పిల్లలు ఐ.సి.యు. పడకల మీద గడిపే రోజులు ఎక్కువని తేల్చింది. అంత డబ్బున్న దేశంలోనే అలా ఉంది. మన దగ్గర సంగతి వేరే చెప్పాలా? 2019లో ప్రపంచం మొత్తం మీద న్యుమోనియాతో చనిపోయిన ఐదేళ్ళలోపు పిల్లలు ఏడు లక్షల నలభై వేల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. నూటికి 63 మందికి రక్తహీనత. 20-24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పద్ధెనిమిది నిండకముందే పెళ్ళయింది. అంటే నెమ్ము సోకేటప్పటికే దానితో పోరాడే శక్తి సగం మంది పిల్లల్లో లేదు. ఆ తల్లికి కూడా పదిహేడేళ్ళకే పెళ్ళయింది.

కాబట్టి “సామాజిక కారణాలు” అనే మాట వైద్యుల నోట రావడం మంచిదే. నా భయం వేరు. ఈ మాట పరిశోధనా పత్రం నుంచి వార్డులోకి నడిచి వచ్చేసరికి “తల్లి చదువు, తల్లి వయసు, తల్లి అలవాట్లు, తల్లి నిర్లక్ష్యం” అయిపోతోంది. తల్లి పాలిచ్చిందా? తల్లి టీకాలు వేయించిందా? తల్లి ఎందుకు ఆలస్యం చేసింది? అడిగినవన్నీ అవసరమైన ప్రశ్నలే. కానీ అన్నిటికీ కర్త తల్లే! బాడుగ డబ్బు ఎవరి ఖాతాలో ఉందని ఎవరూ అడగరు. పేరు కార్డులోకి ఎందుకు ఎక్కలేదని అడగరు. ఇంటికి తీసుకుపోదామని మొదట అన్నది ఎవరని అడగరు. ప్రశ్న ఎవరి మీద పెడితే తప్పు వాళ్ళ మీద పడుతుంది.

పొగ సంగతే తీసుకుందాం. కట్టెల పొయ్యి పొగ పిల్లల ఊపిరితిత్తులకు చేటు అని అందరికీ తెలుసు. అందుకే మన రాష్ట్రంలో 1999లో డ్వాక్రా స్త్రీలకు ‘దీపం’ పథకం కింద గ్యాసు కనెక్షన్లిచ్చారు. 2016లో కేంద్రం ‘ఉజ్వల’ తెచ్చింది. 2024 చివర మన రాష్ట్రంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. ముందు మనమే డబ్బు కట్టి తీసుకుంటే తర్వాత ఖాతాలో వేసే పద్ధతిలో అది మొదలైంది. పైన చెప్పిన సర్వే ప్రకారమే రాష్ట్రంలో నూటికి 83 ఇళ్ళకు పైగా గ్యాసువంటి పొగలేని ఇంధనంతో వండుతున్నాయి. ఇది స్త్రీలు సాధించుకున్న మేలు, తీసిపారెయ్యకూడదు. అయితే మా కాలనీల్లోకి వచ్చి చూడండి. కూర గ్యాసు మీద, సంగటి కట్టెల మీద. స్నానాలకు ఉడుకు నీళ్ళు కట్టెల మీద. సిలిండరు అయిపోయి చేతిలో డబ్బు లేని రోజుల్లో అన్నీ కట్టెల మీదే. తుమ్మకంప కొట్టి తెచ్చేదీ ఆడవాళ్ళే, ఊదేదీ ఆడవాళ్ళే. ఆ పాప ఉన్నది రేకుల ఇల్లు. ఒకటే గది, ఒకటే కిటికీ. చలికాలం కదా, ఆ కిటికీ కూడా గోనెపట్టాతో మూశారు.

గ్యాసు ఇచ్చేస్తే నెమ్ము ఆగిపోతుందా? తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాలలో మూడు వేలకు పైగా గర్భిణీలతో ఒక పెద్ద పరిశోధన చేశారు. సగం మందికి పొయ్యి, గ్యాసు ఉచితంగా ఇచ్చారు. పుట్టిన పిల్లలను ఏడాది పాటు గమనించారు. 2024లో ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన న్యుమోనియా రెండు వర్గాల పిల్లల్లోనూ దాదాపు ఒకే తీరుగా ఉంది! గ్యాసు వల్ల ఉపయోగం లేదని దీనర్థం కాదు. పొయ్యి ముందు కూర్చునే స్త్రీకి పొగ తగ్గడమే ఒక హక్కు. దీనికి నేను చెప్పుకునే అర్థం ఇది. పేద పిల్ల ఊపిరి మీద ఒకేసారి పది బరువులు ఉన్నాయి. ఒక్క బరువు తీసి “నీకు గ్యాసిచ్చాం కదమ్మా, ఇంకా జబ్బెందుకు వచ్చింది?” అని తల్లిని నిలదీసే అధికారం ఎవరికీ లేదు. ఇరుకు గది, తిండి, తల్లి రక్తహీనత, టీకా, దూరం, డబ్బు, ఇవన్నీ కలిసే ఆ పిల్లను అక్కడికి తెచ్చాయి.

దూరం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే దూరం ఆడపిల్లకు ఒక లెక్క, మగపిల్లాడికి ఒక లెక్క. ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి ఓ.పి.కి 2016లో వచ్చిన 23 లక్షలకు పైగా రోగుల లెక్కలను పరిశీలించిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. ఢిల్లీలోనే ఉన్నవాళ్ళలో ప్రతి 100 మంది ఆడవాళ్ళకు 141 మంది మగవాళ్ళు వచ్చారు. బీహారు నుంచి వచ్చినవాళ్ళలో 100 మందికి 237 మంది! జబ్బులు బీహారు ఆడవాళ్ళకు తక్కువా? కాదు. ఆసుపత్రి దూరమయ్యే కొద్దీ ఆడమనిషి ప్రాణానికి పెట్టే ఖర్చు దండగ అనిపిస్తుంది మనవాళ్ళకు. 18 ఏళ్ళ లోపు వారిలో కూడా ఆడపిల్లల కంటే మగపిల్లలు దాదాపు రెట్టింపు.

మా ఊరి నుంచి కడప పాతిక కిలోమీటర్లు. తిరుపతి వంద కిలోమీటర్లకు పైనే. కర్నూలు ఇంకా దూరం. రోడ్డు మీద ఉన్న ఒంటిమిట్టకే ఇలా ఉంటే లోపలి పల్లెల సంగతి చెప్పనక్కర్లేదు. కోవిడ్ రెండో ఉప్పెన తర్వాత 2021లో కేంద్రం 23,123 కోట్ల రూపాయల అత్యవసర పథకం ప్రకటించి, దేశంలోని అన్ని జిల్లాల్లో పిల్లల చికిత్సా విభాగాలు పెడతామంది. జిల్లా కేంద్రంలో పడకలు పెరగడం అవసరమే. కానీ పల్లెకూ ఆ పడకకూ మధ్య ఉన్న దూరం ఎవరి పద్దు? మా ఊరి పేరు చెబితే అందరికీ కోదండరాముడి గుడి గుర్తుకు వస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణలో ఉండిపోయాక ప్రభుత్వ లాంఛనాలతో సీతారాముల కల్యాణం మా ఊళ్ళోనే జరుగుతోంది. పున్నమి రాత్రి ఎంత జనం వచ్చినా వైద్య శిబిరాలు, అంబులెన్సులు సిద్ధంగా ఉంటాయి. ఉండాలి కూడా. తలుచుకుంటే వైద్యం మనుషుల దగ్గరికి నడిచి రాగలదు అన్నమాట! మిగిలిన రాత్రుల్లో ఒక పసిపిల్ల కోసం ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

ఇక కువైట్ సంగతి. పాత ఉమ్మడి కడప జిల్లా నుంచి, ముఖ్యంగా రాజంపేట, కోడూరు, రాయచోటి వైపు నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళే స్త్రీలు వేలల్లో ఉన్నారని మనకందరికీ తెలుసు. కరువు సీమలో వాన పడకపోతే ఇంటిని నిలబెట్టేది వాళ్ళు పంపే డబ్బే. ఇల్లు కట్టుకున్నప్పుడు “కువైట్ డబ్బు” అని గొప్పగా చెప్పుకుంటారు. పిల్లకు జబ్బు చేస్తే మాత్రం “కువైట్ పోయిన తల్లి” అంటారు. తండ్రి బెంగుళూరులో ఉండడాన్ని ఆ రెండు రాత్రుల్లో ఒక్కరూ తప్పు పట్టలేదని గమనించాను. తండ్రి ఎక్కడికి వెళ్ళినా పనికి వెళ్ళినట్టు! తల్లి ఎక్కడికి వెళ్ళినా పిల్లను వదిలి వెళ్ళినట్టు!

వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు ఉన్న స్త్రీ ముప్పై ఏళ్ళు నిండకుండా గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళకూడదని మన ప్రభుత్వ నియమం. ఈ అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. నియమం ఆమెను ఆపలేదు, ఏజెంటు చేతుల్లోకి తోసింది. దొడ్డిదారిన వెళ్ళిన మనిషికి అక్కడి చట్టం చేతికందదు. కువైట్‌లో 2015లో ఇంటి పనివారి కోసం ఒక చట్టం చేశారు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని అందులో ఉంది. ఈమె పాస్‌పోర్టు యజమానురాలి బీరువాలో ఉంది. బిడ్డ ఐ.సి.యు.లో ఉందని తెలిసిన రాత్రి కూడా పని అంతా ముగించుకుని, అర్ధరాత్రి దాటాక స్నానాల గదిలో నిలబడి వీడియోలో బిడ్డను చూపించమంది. ఐ.సి.యు. లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. తలుపు చూపించాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ పిల్ల చనిపోయింది. కానీ ఆ ఐ.సి.యు. లెక్కల్లో చనిపోలేదు! “సలహాకు వ్యతిరేకంగా వెళ్ళినవారు” అనే గడిలో ఉంది. రేపు ఎవరైనా ఆ రికార్డులు తీసి, ఊపిరి జబ్బులతో వచ్చిన పిల్లల్లో ఎంతమంది చనిపోయారు, కారణాలేమిటి అని పరిశోధన చేస్తే ఈ పిల్ల ఆ లెక్కలోకి రాదు. రాత్రంతా డబ్బు కోసం చూసి, కారు ఎక్కకముందే పోయిన పిల్లలు అసలు రికార్డుల్లోకే రారు. అంటే ఐ.సి.యు. పరిశోధన తలుపు లోపలికి వచ్చి, చివరిదాకా ఉన్న పిల్లల గురించే చెప్పగలుగుతుంది. సామాజిక కారణాలు ఎక్కువగా కాటేసేది రాలేకపోయిన పిల్లలను, మధ్యలో తీసుకెళ్ళిపోయిన పిల్లలను. వాళ్ళలో ఆడపిల్లలు ఎందరు? పేద కులాల పిల్లలు ఎందరు? ఈ సగం కథ డాక్టర్లు రాయలేరు. అది ఊళ్ళల్లో ఉంది. ఊళ్ళల్లో ఉన్నది మనం. రాయవలసింది మనం.

ఇలా రాసినచోట ఏమవుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు. పైన చెప్పిన సిన్సినాటిలోనే పిల్లల డాక్టర్లు, ఉచిత న్యాయసహాయం చేసే వకీళ్ళు కలిసి పనిచేయడం మొదలుపెట్టారు. చికిత్సకు వచ్చిన తల్లులను “నీ ఇల్లు ఎలా ఉంది? ఇంటి యజమాని మరమ్మతు చేయిస్తున్నాడా?” అని అడిగారు. ఇంటి బాధలు చెప్పిన కుటుంబాల్లో చాలామంది ఒకే యజమాని భవనాల్లో ఉంటున్నారని తేలింది. వకీళ్ళు పట్టించుకున్నారు, అద్దెవాళ్ళు సంఘం పెట్టుకున్నారు, మరమ్మతులు జరిగాయి. న్యాయసహాయం అందిన పిల్లలు ఆ తర్వాతి ఏడాది ఆసుపత్రిలో చేరడం మూడో వంతుకు పైగా తగ్గిందని 2022లో వచ్చిన అధ్యయనం చెప్పింది. తల్లి మీద వేసే ప్రశ్న ఇంటి యజమాని మీదికి మళ్ళింది, అంతే!

రెండోది లండన్‌లో ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అనే తొమ్మిదేళ్ళ పిల్ల కథ. వాహనాల రద్దీ విపరీతంగా ఉండే రోడ్డు దగ్గర ఇల్లు. ఉబ్బసంతో ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి 2013లో చనిపోయింది. మరణకారణం మొదట ఉబ్బసం వల్ల ఊపిరి ఆగడం అని రాశారు. తల్లి రోజమండ్ దానితో సరిపెట్టుకోలేదు. ఏడేళ్ళు పోరాడి మళ్ళీ విచారణ జరిపించింది. 2020 డిసెంబరులో విచారణాధికారి ఆ పిల్ల చావుకు గాలి కాలుష్యం కూడా కారణమని తీర్పు చెప్పాడు. ఆ గాలి వల్ల ప్రమాదమని తల్లికి ఎవరూ చెప్పలేదని, చెప్పి ఉంటే ఆమె జాగ్రత్త పడేదని కూడా అన్నాడు. “తల్లి ఏం చేసింది?” అన్న ప్రశ్న పోయి “తల్లికి ఏం చెప్పలేదు?” అన్న ప్రశ్న వచ్చింది. ఒక్క తల్లి పట్టుదల వల్ల ఒక చావుకు నిజమైన పేరు దొరికింది.

నాకు తెలిసిన ఒక డాక్టరమ్మతో ఇదంతా మాట్లాడితే ఆమె నిజాయితీగానే ఒక మాట చెప్పింది. “ఊపిరి అందని పిల్ల వచ్చినప్పుడు గొట్టం వెయ్యడమా, ఎవరి ఖాతాలో డబ్బుందని అడగడమా? ఒక్క నర్సు ఎన్ని పడకలు చూస్తుందో మీకు తెలుసా?” నిజమే. ఆ నర్సు కూడా స్త్రీయే. నైట్ డ్యూటీకి వచ్చేటప్పుడు తన పిల్లలను ఎవరో ఒకరికి అప్పజెప్పే వచ్చి ఉంటుంది. నేను ఆ ప్రశ్నలు గొట్టం వేసే నిమిషంలో అడగమనడం లేదు. తర్వాత అడగవచ్చు. అడగడానికి ఒక మనిషిని పెట్టవచ్చు. ముఖ్యంగా తీసుకెళ్ళిపోతామని ఎవరైనా అన్నప్పుడు, వేలిముద్ర కోసం కాగితం తోసే ముందు, ఒక్క అరగంట అడగవచ్చు. డబ్బు లేకనా? కార్డు లేకనా? ప్రభుత్వాసుపత్రికి మార్చవచ్చని వీళ్ళకు తెలుసా? తల్లికి తెలిసే ఈ నిర్ణయం జరుగుతోందా?

మన సంగతి కూడా మాట్లాడుకోవాలి. నేను పాతికేళ్ళుగా సంఘం పనిలో ఉన్నాను. కూలి రేట్ల కోసం, సారా మీద, వరకట్న చావుల మీద పోలీసు స్టేషన్ల ముందు కూర్చున్నాం. ఒక పసిపిల్ల ఊపిరి స్త్రీల హక్కుల విషయమని నాకు ఎప్పుడూ తోచలేదు. అది డాక్టర్ల పని అనుకున్నాను. కానీ మనకు పొరుగునే ఉన్న గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు పల్లెల్లోని ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు పిల్లల ఊపిరి లెక్కపెట్టడం, నెమ్ముకు మందివ్వడం నేర్పారు. ఆ పల్లెల్లో నెమ్ము చావులు పక్క ప్రాంతంలో కన్నా సగానికి పైగా తక్కువయ్యాయని 1990లోనే ప్రపంచానికి చూపించారు. చదువురాని మంత్రసాని చేయగలిగిన పని మన సంఘాల స్త్రీలు చేయలేరా?

లెక్క చాలా సులువు. పిల్ల నెమ్మదిగా ఉన్నప్పుడు బొజ్జ మీద బట్ట తీసి, నిండా ఒక నిమిషం చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 సార్లు, అక్కడి నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 సార్లు, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లకు 40 సార్లు, ఆ లెక్క తాకినా దాటినా అది మామూలు పడిశెం కాదు. డొక్కలెగరేస్తుంటే, పాలు తాగలేకపోతే, మత్తుగా పడి ఉంటే లెక్కతో పని లేదు, వెంటనే కదలాలి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన ‘సాన్స్’ కార్యక్రమంలో ఆశా కార్యకర్త పెద్దాసుపత్రికి పంపే ముందు మొదటి మోతాదు అమాక్సిసిలిన్ ఇవ్వవచ్చు. న్యుమోకాకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాలలో మొదలై 2021లో దేశమంతటా ఉచిత టీకాల్లో చేరింది. మన ఊరి ఆశా దగ్గర ఆ మందు ఉందా? మన కాలనీ పిల్లలకు ఆ టీకా పడిందా? ఈ రెండు ప్రశ్నలు వచ్చే గ్రామసభలో అడగండి.

ఇది దయ కాదు, హక్కు. 1992లో పశ్చిమ బెంగాల్‌లో వ్యవసాయ కార్మిక సంఘ సభ్యుడొకరు రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, పడకలు లేవని, వసతులు లేవని ఒక ప్రభుత్వాసుపత్రి తర్వాత ఇంకొకటి తిప్పి పంపాయి. ఆ సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ప్రభుత్వాసుపత్రి సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని, డబ్బు లేదన్న సాకు చెల్లదని 1996లో కోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు సాధించింది వకీళ్ళ సంఘం కాదు, కూలీల సంఘం!

కాబట్టి మన సంఘాలు ఇవి అడగాలి. పిల్లల ఐ.సి.యు. ఉన్న ప్రతి ఆసుపత్రిలో రోగుల పక్షాన మాట్లాడే సామాజిక కార్యకర్త ఉండాలి. చికిత్స మధ్యలో తీసుకెళ్ళిన పిల్లల సంఖ్యను, ఆడా మగా విడివిడిగా, కారణంతో సహా ప్రకటించాలి. వాళ్ళు వారం తర్వాత బతికి ఉన్నారో లేదో కనుక్కుని రాయాలి. ప్రాణాపాయంలో ఉన్న పసిపిల్ల పేరు కార్డులో లేదన్న కారణంతో ఉచిత వైద్యం ఆగకూడదు. గల్ఫ్‌లో ఉన్న తల్లికి బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే వెంటనే సెలవు ఇప్పించే బాధ్యత మన రాయబార కార్యాలయం తీసుకోవాలి. వలస వెళ్ళిన స్త్రీ సంపాదన ఆమె ఖాతాలోనే పడాలి, దాంట్లో కొంతయినా పిల్లను పెంచే మనిషి చేతికి నేరుగా అందాలి. ఇది చివరిదే అయినా దీని కోసం ఏ ప్రభుత్వాన్నీ అడగనక్కర్లేదు, మన ఇళ్ళల్లోనే మొదలుపెట్టవచ్చు.

అడగడంతో పాటు రాయడం. మా సంఘంలో ఒక నోటుపుస్తకం పెట్టాం. మండలంలో ఐదేళ్ళలోపు పిల్ల ఎవరు పోయినా ఆ ఇంటికి వెళ్తాం, ఓదారుస్తాం, వాళ్ళు చెప్పగలిగినప్పుడు అడుగుతాం. జబ్బు ఎప్పుడు తెలిసింది? కదలడానికి ఎన్ని గంటలు పట్టింది? ఆ గంటలు దేనికోసం ఆగారు? ఎవరి మాట కోసం ఆగారు? మొదటి పేజీలో ఈ పాపను రాశాం. “తల్లి: విదేశంలో” అని కాదు. “బాడుగ డబ్బు కోసం ఒక రాత్రి, పెద్దమనిషి రాక కోసం ఒక పూట, పసిపిల్లల వెంటిలేటరు కోసం ఒక పూట” అని రాశాం. మీ మండలంలో మీరూ ఒక పుస్తకం పెట్టండి. పది మండలాల పుస్తకాలు పక్కపక్కన పెడితే, ఏ పరిశోధకుడూ ఏ అధికారీ దాటిపోలేని లెక్క తయారవుతుంది.

ఆ తల్లికి మొన్న ఫోన్ చేసి నా జవాబు చెప్పాను. “నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నీ బిడ్డ బతికేదేమో, నేను కాదనను. కానీ నువ్వు ఇక్కడే ఉన్నా నీ చేతిలో బాడుగ డబ్బు లేకపోతే, నీ మాట ఇంట్లో చెల్లకపోతే, ఆసుపత్రి ఇంతే దూరంలో ఉంటే ఇదే జరిగేది. నువ్వు కువైట్ పోయిందే ఆ డబ్బు కోసం కదా!” ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ పుస్తకంలో బిడ్డ పేరు సరిగ్గా రాశారా అని అడిగి, అక్షరం అక్షరం పలికి రాయించింది.